గ్రాఫ్ట్‌కు ఇన్‌ఫెక్షన్ వస్తే ఆసుపత్రి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని నాన్నగారికి 20 నెలల కిందట విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళం) వేశారు. 6 లక్షలు కట్టాం. ఆరు నెలలుగా జ్వరం, నడుం నొప్పి. వెళ్లినప్పుడల్లా మాత్రలిచ్చి పంపారు. ఇప్పుడు స్కాన్‌లో గ్రాఫ్ట్‌కు బ్యాక్టీరియా పట్టిందని తేలింది. 'ఇది ఎవరికైనా రావచ్చు' అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్న ఒక్క కారణం చాలదు. ఆసుపత్రి వాళ్ల మాటలో కొంత నిజముంది. చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియానే గ్రాఫ్ట్ మీద పొరలా పేరుకుని, ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. ఫలితం చెడినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని జేకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ బలం ఆ ఆరు నెలల్లో ఉంది. ఒంట్లో గ్రాఫ్ట్ ఉన్న మనిషి జ్వరంతో పదేపదే వస్తుంటే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష), సీటీ స్కాన్ ఎందుకు చేయించలేదు? దీనికి వాళ్లు జవాబు చెప్పాలి. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చినట్టు మత్తు డాక్టర్ షీట్‌లో ఉందో లేదో కూడా చూడండి. కేస్‌షీట్ కాపీల కోసం ఈరోజే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. గ్రాఫ్ట్ తీసేయాల్సి వస్తే దాన్ని కల్చర్‌కు పంపమని ముందే చెప్పండి, రేపు అదే సాక్ష్యం.

గడువు రెండేళ్లు (వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69). ఇన్‌ఫెక్షన్ తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకండి. కడుపులో గాజుగుడ్డ మిగిలిపోయిన శ్రీఖండే కేసులో (2010), నొప్పి ఉన్నా బాధితురాలు ఏళ్ల తరబడి ఊరుకుందని ఫిర్యాదు కొట్టేశారు. ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేసి, ఈ నాలుగు నెలల్లో వేసేయండి.

చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపే కాబట్టి విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, ఫీజు 200 రూపాయలు. నిపుణుల సాక్ష్యం ప్రతి కేసులో అక్కర్లేదని కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2010) ఉన్నా, ఇలాంటి కేసులో అది లేకుండా నెగ్గడం కష్టం. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరండి. పోలీస్ స్టేషన్‌కు మాత్రం ఇప్పుడే పరుగెత్తకండి, క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి.