బండి కాగుతోందని రేడియేటర్ మార్చేయకు

అమ్మలూ,

సిగ్నల్లో ఆగితే కారులో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా ఎగబాకుతోందనీ, వారధి దాటి గుంటూరు రోడ్డు మీద వేగం అందుకోగానే మళ్లీ సగానికి దిగుతోందనీ చెప్పావు. మెకానిక్, ఇంజను నీళ్లను చల్లార్చే ఆ రేడియేటర్ మార్చేద్దామన్నాడనీ అన్నావు. అప్పుడే ఒప్పుకోకు. నువ్వు చెప్పిన ఆ తేడాలోనే అసలు ఆచూకీ ఉంది.

బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడిపోతే ఆ పని ఫ్యాను చేయాలి. రేడియేటర్ లోపల పూడిపోయినా, వాటర్ పంపు అరిగిపోయినా చాలావరకు హైవే మీదే బయటపడుతుంది. నీ బండి ఆగితేనే కాగుతోంది కాబట్టి నా అనుమానం ఫ్యాను మీద. ఇంజను ఆన్‌లో పెట్టి బానెట్ ఎత్తి చూడు. ముల్లు సగం దాటినా ఫ్యాను తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఫ్యానుకు కరెంటు కలిపే రిలే చూడమను. అవి బాగుంటే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించు. తిరిగిందా, మోటారు మంచిదే, వేడిని పసిగట్టి ఫ్యానును లేపే స్విచ్చి పోయి ఉంటుంది. రేడియేటర్ ఖరీదు ముందు అదెంత! చూసేటప్పుడు చున్నీ, జడ జాగ్రత్తమ్మా. ఇంజను ఆపేశాక కూడా ఆ ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు.

వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకు. వెనక ఎంతమంది హారన్లు కొట్టినా తీయకు. మూత మీద 0.9 అని ఉంటుంది చూడు, అది లోపల ఆపే ఒత్తిడి, బార్ లెక్కలో. ఆ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, 100 దాటి ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగదన్నుతాయి. ఆటోనగర్‌లో అలా చేతులూ మెడా కాల్చుకున్న పిల్లల్ని చూశాను. రేడియేటర్ పైనుండే రబ్బరు హోసు పట్టుకుంటే చేతికి చల్లగా, మెత్తగా తగిలేదాకా ఆగు. చల్లారాక తీసినప్పుడు మూతలోని రబ్బరు వాషర్ని గోటితో నొక్కి చూడు. గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే మూత కొత్తది వేయించు.

బోరు నీళ్లు పోయనివ్వకు. గీజరు కాయిల్‌కి పట్టినట్టే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ ఉప్పు పేరుకుంటుంది. కూలెంటు అని రేడియేటర్ కోసమే అమ్మే ద్రవం, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించు. పోశాక ఇంజను కాసేపు నడిపి లోపలి గాలి పోగొట్టాలి, లేకపోతే ఎంత పోసినా కాగుతూనే ఉంటుంది. దించిన పాత కూలెంటు పళ్లెంలో వదిలేయొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

ఇక థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న కవాటం. "మన ఎండలకి ఇదెందుకమ్మా, తీసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. నాకు ఒళ్లు మండే మాట అది. తీసేస్తే ఇంజను ఉండవలసిన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. అనుమానముంటే ఇంటికి తెచ్చి పాత గిన్నెలో నీళ్లుపోసి, దారం కట్టి వేలాడదీసి స్టవ్ మీద పెట్టు. దాని మీద 82 అని ఉంటే నీళ్లు తెర్లడానికి ముందే, అడుగున చిన్న చిన్న బుడగలు లేచే సమయానికి, మధ్యలో ఉన్న బిళ్ల మెల్లగా పైకి లేవాలి. తెర్లుతున్నా లేవకపోతే కొత్తది కొను.

దారిలో మళ్లీ కాగితే ఏసీ ఆపి, ఇంజను వేడిని లాగేసేలా హీటరు ఫుల్లుగా పెట్టి, పక్కకి తీసుకో. ఉడుకుతున్న ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరిస్తే ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు. ఎర్రగీత మీదున్న ముల్లు ఉన్నట్టుండి చల్లవైపు పడిపోతే వెంటనే ఇంజను ఆపేయి. నీళ్లన్నీ పోయి సెన్సరు ఉత్త గాలిలో ఉండి ఉంటుంది.

ఇంజనాయిలు పాలు కలిపిన టీలా మారినా, పొగ గొట్టంలోంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా హెడ్‌కీ ఇంజనుకీ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందేమో అనుకోవాలి. అప్పుడు నడపకు, లాగించుకుని వెళ్లు.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా ఆటోనగర్ వెళ్లు. ఏది మార్చినా పాత సామాను అడిగి డిక్కీలో వేయించుకో. నేనొచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు
మామయ్య