డిస్కు తెరుచుకోవట్లేదా? ముందు ఏ డిస్కో చెప్పండి

ఈసారి చాలా ఉత్తరాలు "సీడీ ఓపెన్ కావడం లేదు, ఏం చేయమంటారు?" అని ఒక్క ముక్కలో ముగిశాయి. ఆ ముక్కకి నేనేం చెప్పను? ట్రే బయటికే రావడం లేదా? డిస్కు తిరుగుతున్నా కంప్యూటర్ ఖాళీ అంటోందా? ఫైళ్లు కనబడుతున్నాయి గానీ నొక్కితే పలకడం లేదా? మూడూ మూడు వేర్వేరు రోగాలు. అందుకని వివరంగా రాసినవాళ్ల ఉత్తరాలే తీసుకున్నాను. మిగతావాళ్లు నొచ్చుకోకండి, మీ సంగతి కూడా వీటిలోనే ఎక్కడో తగులుతుంది.

ప్రశ్న: మా పాత టవర్ కంప్యూటర్లో పాటల సీడీలు చక్కగా ఆడుతున్నాయి. మా అమ్మాయి పెళ్లి వీడియో డీవీడీ పెడితే మాత్రం కాసేపు గిర్రున తిరిగి "ప్లీజ్ ఇన్సర్ట్ ఎ డిస్క్" అంటుంది. సీడీ చదివే డ్రైవు డీవీడీని ఎందుకు చదవదు? డిస్కు పోయినట్టేనా? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, పోయిందని అప్పుడే అనుకోకండి. డీవీడీ డ్రైవులో లేజర్లు రెండుంటాయి. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. ఒకటి నీరసించినా రెండోది ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి సీడీలు ఆడుతున్నంత మాత్రాన డ్రైవు బాగుందని చెప్పలేం. అలాగని డ్రైవే పోయిందనీ అనలేం.

నా బల్ల సొరుగులో ఎప్పుడూ రెండు డిస్కులుంటాయి. ఒకటి కంపెనీ అచ్చేసిన పాటల సీడీ, రెండోది కంపెనీ అచ్చేసిన సినిమా డీవీడీ. ఎవరు ఏ కంప్యూటర్ తెచ్చినా ముందు ఆ రెండూ పెట్టి చూస్తాను, తర్వాతే మాట. మీరూ ఎవరి దగ్గరైనా అలాంటి సినిమా డీవీడీ ఒకటి అడిగి తెచ్చి పెట్టండి. అదీ చదవకపోతే ఎర్ర లేజర్ పనైపోయినట్టో, లెన్సు మీద దుమ్ము పేరుకున్నట్టో లెక్క. సినిమా ఆడి, పెళ్లి వీడియో ఆడకపోతే తప్పు ఆ డిస్కుదే. ఐదు నిమిషాల ఈ పని చేయకుండా విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించుకున్న మహానుభావులున్నారు.

డిస్కు పెట్టాక కాస్త చెవి ఒగ్గి వినండి కూడా. ఆరోగ్యంగా ఉన్న డ్రైవైతే ట్రే మూసుకున్నాక చిన్నగా టిక్కుమంటుంది, మోటారు వేగం అందుకుంటుంది, ఆ తర్వాత ఒకే తీరుగా హోరు. లెన్సుకి ఫోకస్ దొరకనప్పుడు అలా ఉండదు. వేగం అందుకోబోయి తగ్గిపోతుంది, లోపల సన్నగా కిచ్‌కిచ్‌మంటుంది, మళ్లీ వేగం, మళ్లీ తగ్గడం, చివరికి విసిగిపోయి ఊరుకుంటుంది. మీరు రాసిన "కాసేపు గిర్రున తిరిగి" ఈ రెండో రకంలాగే ఉంది.

ఇక డిస్కు సంగతి. పెళ్లి వీడియో అంటే ఎవరో కంప్యూటర్లో రాసి ఇచ్చినదే అయివుంటుంది. అచ్చేసిన డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా పడి ఉంటుంది. రాసిన డిస్కులో అది ఒక రంగు పొర మీద లేజర్ వేసిన మచ్చలు మాత్రమే. ఎండ తగిలినా, వేడిలో ఉన్నా ఆ రంగు వెలుస్తుంది. గీతల విషయంలో జనం అడుగువైపే చూస్తారు గానీ, సీడీకి అసలు ప్రమాదం పేరు రాసే వైపే. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లైతే దాదాపు అంతా లేజర్ దూరే వైపు ప్లాస్టికే. సమాచారం పై లేబుల్ కిందే, పల్చటి లక్క పూత చాటున ఉంటుంది. లేబుల్ వైపు బాల్‌పెన్నుతో గట్టిగా అదిమి పేర్లు రాసే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గానీ, చాలా సీడీల ప్రాణం తీసింది. డీవీడీ కాస్త నయం, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో సమాచారం దాచారు. మీ డిస్కును ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూడండి. సూదిమొనంత చుక్కల్లోంచి వెలుగు దూసుకొస్తుంటేనో, అంచున మబ్బు పట్టినట్టుంటేనో పొర లేస్తోందన్నమాట.

తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య చిల్లు నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ వద్దు. ట్రాక్ గుండ్రంగా ఉంటుంది. దానికి అడ్డంగా పడిన గీతని డ్రైవు తన దిద్దుబాటు లెక్కలతో సర్దుకుంటుంది. ట్రాక్ వెంబడే పొడుగ్గా పడిన గీతని సర్దుకోలేదు. జిడ్డు ఉంటే నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క చాలు. థిన్నర్, గోళ్లరంగు తుడిచే ద్రవం లాంటివి దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది.

అప్పటికీ చదవకపోతే ఇంకో కంప్యూటర్లో, కుదిరితే వేరే కంపెనీ డ్రైవులో పెట్టండి. ఒక డ్రైవు కాదన్న డిస్కును ఇంకోటి శుభ్రంగా చదవడం రోజూ చూసేదే. చదివిన క్షణాన సినిమా చూస్తూ కూర్చోకుండా మొత్తం హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. సగంలో ఆగిపోతుంటే లైనెక్స్ (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్) తెలిసినవాళ్లతో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టించండి. అది చదవగలిగిన ముక్కలన్నీ ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత వెళ్తుంది. ఒక డ్రైవులో రాని ముక్కల్ని ఇంకో డ్రైవులో తీసి అదే ఫైలులో అతికించగలదు కూడా.

తప్పు డ్రైవుదే అని తేలితే, బ్రష్షులున్న లెన్సు క్లీనర్ డిస్కు ఒకసారి వేసి చూడండి. పనిచేస్తే సంతోషం. లేకపోతే విప్పి బాగుచేయించే శ్రమ దండగ, డ్రైవు మార్చేయడమే.

ప్రశ్న: మా పాత హ్యాండీక్యామ్‌తో చిన్న డీవీడీల మీద తీసిన వీడియోలున్నాయి. కెమెరాలో కనిపించేవి, కంప్యూటర్లో పెడితే డిస్కు ఖాళీ అంటోంది. "యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని కూడా అడుగుతోంది. చేసేయమంటారా? (ఒక గృహిణి)

జవాబు: వద్దమ్మా, వద్దు. క్యాన్సిల్ నొక్కి డిస్కు బయటికి తీసేయండి. మీ పిల్లల బొమ్మలు అందులో క్షేమంగానే ఉన్నాయి.

ఆ 8 సెంటీమీటర్ల డిస్కు మీద కెమెరా వీడియో అంతా రాసింది గానీ చివర్లో "ఫైనలైజ్" చేయలేదు. పుస్తకమంతా రాసి విషయసూచిక పేజీ కుట్టకుండా వదిలేసినట్టన్నమాట. తను రాసింది కాబట్టి కెమెరాకి ఏది ఎక్కడుందో తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. కెమెరా ఇంకా పనిచేస్తుంటే డిస్కు అందులో పెట్టి, మెనూలో ఫైనలైజ్ అన్నది వెతికి నొక్కండి. బ్యాటరీ మీద ఆధారపడకండి, ఛార్జర్ తగిలించే చేయండి. మధ్యలో కరెంటు పోతే కొత్త తలనొప్పి. అయ్యేదాకా కెమెరా కదిలించకూడదు.

కెమెరా పాడైపోయి ఉంటే అదే కంపెనీది, అదే తరహాది ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో కనుక్కోండి, చాలావరకు పనవుతుంది. అదీ లేదంటే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాంలు సూచిక లేని డిస్కులోంచి కూడా వీడియో లాగగలవు. ఇంకో మాట. డిస్కు పెట్టడానికి ట్రే లేకుండా సన్నటి సందు మాత్రమే ఉన్న డ్రైవుల్లోకి ఈ చిన్న డిస్కులు తోయకండి, లోపలే ఇరుక్కుంటాయి. మీ కంప్యూటర్ డబ్బా నిలబెట్టి డ్రైవు నిలువుగా ఉంటే, డబ్బాను పడుకోబెట్టి ట్రే మధ్య ఉన్న చిన్న గుంటలో సరిగ్గా కూర్చోబెట్టండి.

ప్రశ్న: డిస్కులు రాసే ప్రోగ్రాం ఒకటి తీసేశాను. అప్పటి నుంచి మై కంప్యూటర్లో డీవీడీ డ్రైవే కనబడటం లేదు. డివైస్ మేనేజర్లో దాని మీద పసుపు గుర్తు, "కోడ్ 19" అని ఉంది. డ్రైవు కాలిపోయిందా సార్? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: కాలిపోలేదు బాబూ, నమ్మకం కుదరకపోతే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు విండోస్ డిస్కు నుంచి బూట్ చేసి చూడు. అక్కడ చదివితే డ్రైవు, వైర్లు అన్నీ బాగున్నట్టే. నువ్వు తీసేసిన ప్రోగ్రాం తను పోతూ పోతూ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలన్నీ రాసుకునే చిట్టాలో, రెండు మేకులు వదిలి వెళ్లింది. వాటి పేర్లు అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్.

రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరకు దిగు. మీసాల బ్రాకెట్లలో పొడవాటి పేర్లు బోలెడు కనిపిస్తాయి. 4డి36ఈ965తో మొదలయ్యేది పట్టుకో. పక్కనే 966, 967 అని కూడా ఉంటాయి, అవి వేరే పరికరాలవి, జాగ్రత్త. కుడివైపు "డీవీడీ/సీడీ-రామ్ డ్రైవ్స్" అని రాసి ఉంటే సరైన చోటే ఉన్నావు. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ భాగం దాచుకో. తర్వాత కుడివైపున్న ఆ రెండు పేర్లు మాత్రమే డిలీట్ చేయి. ఒకటే ఉంటే ఆ ఒక్కటే. ఎడమవైపు ఫోల్డర్‌ను ముట్టుకోకు. రీస్టార్ట్ చేస్తే డ్రైవు తిరిగొస్తుంది. ఆ తర్వాత వేరే డిస్కు ప్రోగ్రాం ఏదైనా మొరాయిస్తే దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ప్రశ్న: నాన్నగారి ఎమ్మారై స్కాన్ సీడీ ఇచ్చారు. తెరిస్తే ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్లు వరుసగా ఉన్నాయి, ఏది నొక్కినా "ఏ ప్రోగ్రాంతో తెరవాలి?" అంటుంది. చివర జేపీజీ అని పేరు మార్చినా లాభం లేదు.

జవాబు: మీ సీడీకీ డ్రైవుకీ ఏ లోపమూ లేదు. అవి డైకామ్ ఫైళ్లు, స్కాన్ యంత్రాల సొంత పద్ధతి. పేరు చివర తోక తగిలిస్తే ఫొటో అయిపోవు, మార్చిన పేర్లు వెనక్కి పెట్టేయండి. సీడీలో "డైకామ్‌డిర్" అన్న ఫైలు ఉందేమో చూడండి, అదే సూచిక. చాలా స్కాన్ సీడీల్లో బొమ్మలు చూపించే చిన్న ప్రోగ్రాం కూడా వేసే ఇస్తారు, వ్యూయర్ అన్న పేరుతో ఏదో ఫోల్డర్లో ఉంటుంది. అది తనంతట తాను లేవకపోతే మీరే వెళ్లి నొక్కాలి. ఎక్కువగా విండోస్‌కే పనికొస్తుంది, మ్యాక్‌లో లేవదు.

అది లేకపోతే మైక్రోడైకామ్, వేసిస్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ముందు సీడీ మొత్తం హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి అక్కడి నుంచి తెరవండి. వందల బొమ్మలు సీడీ నుంచి ఒక్కొక్కటీ రావడానికి ఎదురుచూస్తూ కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. ఇంకో డాక్టరుకి చూపించేటప్పుడు ఫోనులో తీసిన ఫొటో కాదు, ఆ కాపీ మొత్తం పట్టుకెళ్లండి.

ప్రశ్న: పాటల సీడీని కంప్యూటర్లోకి కాపీ చేశాను. సీడీ తీసేస్తే ఒక్క పాటా రావడం లేదు.

జవాబు: ఆడియో సీడీలో ఫైళ్లే ఉండవు. విండోస్ చూపించే సీడీఏ ఫైళ్లు ఒక్కోటి 44 బైట్లు, ఫలానా పాట ఫలానా చోట మొదలవుతుందని చెప్పే చీటీలు. మీరు చీటీలు కాపీ చేసుకున్నారు. విండోస్ మీడియా ప్లేయర్లో "రిప్" నొక్కితే పాటలొస్తాయి.

ప్రశ్న: విండోస్ 10లో సినిమా డీవీడీ పెడితే వీడియో_టీఎస్ ఫోల్డర్ కనిపిస్తోంది, సినిమా మాత్రం రాదు.

జవాబు: విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సౌకర్యం విండోస్‌తో పాటు రావడం మానేసింది. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుని, మీడియా మెనూలో ఓపెన్ డిస్క్ నొక్కండి. ఇక 2000 సంవత్సరం తొలినాళ్ల గేమ్ సీడీలు విండోస్ 10లో లేవడం లేదని రాసినవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాటిలో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉంది. భద్రతాపరమైన లొసుగు వల్ల మైక్రోసాఫ్ట్ దానికి చోటివ్వడం మానేసింది. డిస్కు ఎంత తుడిచినా ప్రయోజనం లేదు.

ప్రశ్న: యూఎస్‌బీ డీవీడీ డ్రైవు డిస్కు తిప్పబోయి టక్కున ఆగిపోతోంది. లాప్‌టాప్‌లో మాత్రం బాగుంది.

జవాబు: కరెంటు చాలడం లేదు. డబ్బా ముందువైపు పోర్టులోంచి, హబ్బులోంచి తీసి వెనకవైపు మదర్‌బోర్డు పోర్టుకి నేరుగా తగిలించండి. డ్రైవుతో రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండు తలలూ పెట్టాలి.

ప్రశ్న: ఒక సాఫ్ట్‌వేర్ డిస్కుకి మధ్య చిల్లు దగ్గర వెంట్రుకవాసి పగులు వచ్చింది. పైన టేపు అంటించి ఒక్కసారి కాపీ చేసుకోవచ్చా?

జవాబు: టేపు వద్దు, ఆ ఒక్కసారీ వద్దు. 52 ఎక్స్ అని వేగం రాసి ఉన్న డ్రైవులో సీడీ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. పగులు మధ్య చిల్లు నుంచే అంచుకి పాకుతుంది. డిస్కు లోపల ముక్కలైతే దాంతో పాటు డ్రైవు కూడా పోతుంది, ట్రే విప్పినవాళ్ల వేళ్లు కూడా తెగుతాయి. టేపు అంటిస్తే బరువు ఒక పక్కకి ఒరిగి అదురు ఇంకా పెరుగుతుంది. మీ దగ్గర సీరియల్ నంబరు ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాసి డౌన్‌లోడ్ అడగండి. మిగతా డిస్కుల్ని పెట్టెలోంచి తీసేటప్పుడు అంచు పట్టి వంచకుండా, నడుమనున్న బొడిపె నొక్కి తీయండి. పగుళ్లన్నీ అక్కడే మొదలవుతాయి.