వాటర్ కలర్ వర్క్‌షాప్‌లకు వెళ్తే నిజంగా బొమ్మలు వేయడం వస్తుందా?

"రెండు రోజుల వాటర్ కలర్ వర్క్‌షాప్ ఒకటి పెడుతున్నారు, వెళ్తే వేయడం వస్తుందా, ఎగ్జిబిషన్‌లో పెట్టేంత బొమ్మ రావాలంటే ఎన్ని వర్క్‌షాప్‌లు చేయాలి" అని అడిగారు. ఎగ్జిబిషన్‌లో పెట్టడానికైతే ఒక్కటి చాలండీ. నేను మొట్టమొదటి వర్క్‌షాప్‌లో వేసిన బొమ్మనే పెట్టాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను కాబట్టి అదే చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు అందులో దొరికితే తీసుకోండి.

మా ప్రాంతంలో నీటిరంగులు వేసేవాళ్లమంతా ఒక బృందంగా ఉంటాం. నెలకోసారి బయటెక్కడో కూర్చుని వేయడం, ఏడాదికి రెండు మూడు వర్క్‌షాప్‌లు, చివర్లో అందరి బొమ్మలతో ఒక ఎగ్జిబిషన్. ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ ఉంటారు. నేను చేరిన కొత్తలో నాకు రంగుల పేర్లు తప్ప ఇంకేమీ తెలియదు. అప్పుడే బయటినుంచి బాగా పేరున్న మాస్టారు ఒకాయన వర్క్‌షాప్ చేయడానికి వచ్చారు.

డెమో సాయంత్రం వెలుగులో ఒక పడవ. ఆయన పెద్ద షీటంతా తడిపి, ఆకాశం, నీళ్లు ఒకేసారి వేసి, ఏదో కథ చెబుతూ కాసేపు ఆగారు. మేమంతా కథ వింటున్నాం. ఉన్నట్టుండి కథ మధ్యలో ఆపేసి, చిక్కటి ముదురు రంగు ఒక్క పట్టీ లాగారు. అది తడిలో మెత్తగా పాకి, సరిగ్గా ఒకచోట ఆగిపోయింది. దూరపు చెట్ల వరస తయారు. హాల్లో అందరూ "అబ్బా" అన్నారు. నేనూ అన్నాను. ఆ పట్టీ ఎప్పుడు వేయాలో ఆయనకెలా తెలిసిందని అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు, ముందు వరుసలో ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ల మోచేతుల సందులోంచి కనిపించినంత చూసి సంబరపడ్డాం. (డెమో మొత్తం వీడియో తీసేవాళ్లలో ఇంటికెళ్లి ఆ వీడియో చూసినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. మా ఫోన్లలో అలాంటివి గంటలకు గంటలున్నాయి.)

తర్వాత మా వంతు. నేనూ తడిపాను, ఆకాశం వేశాను, ఆయన ఆగినంతసేపు ఆగాను, పట్టీ లాగాను. ఆకాశం పగిలిపోయింది. మేము కాలీఫ్లవర్ అంటామే, అది. ఆరడం మొదలైన చోట బ్రష్‌లోంచి ఎక్కువ నీళ్లు దిగితే, ఆ నీళ్లు రంగును బయటికి తోసుకుంటూ పోయి అంచున కుప్పపోస్తాయి, పువ్వు రేకుల్లా ముడుచుకున్న గీతలు మిగులుతాయి. నా ఆకాశంలో అలాంటివి మూడు పూసాయి.

నా తప్పేంటో చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయనది నూరు శాతం కాటన్‌తో చేసిన 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం. నాది చెక్కగుజ్జుతో చేసిన పల్చటి ప్యాడ్. కాటన్ కాగితం నీటిని లోపలికి తీసుకుని, చాలాసేపు ఒకే తీరుగా తడిగా ఉంటుంది. నాదాంట్లో నీళ్లు పైపైనే గుంటలు కట్టి, అంచులు ఆరిపోయి, మధ్యలో చెరువు మిగిలింది. ఆయన గడియారం నా కాగితం మీద తిరగదు. ఈ ఒక్క ముక్క వర్క్‌షాప్ నోటీసులో రాస్తే సగంమంది కన్నీళ్లు తగ్గుతాయి. మా నోటీసులో మాత్రం "ఏ కాగితమైనా పరవాలేదు" అని ఉంది. ఇంట్లో సాధన చేసుకోవడానికైతే పరవాలేదు, డెమో చూసి అదే వేగంతో వేయాలంటే చాలా పరవా ఉంది.

సరే, నేను ఏడుపు మొహంతో కూర్చుంటే మాస్టారు టేబుళ్ల మధ్య తిరుగుతూ వచ్చారు. "ఏమ్మా, కంగారెందుకు, ఇటివ్వు" అని నా చేతిలో బ్రష్ తీసుకున్నారు. మూడే మూడు గీతలు. పడవ అంచుకు ఒక ముదురు గీత, తెరచాప కొయ్య, నీళ్లలో వణుకుతున్న దాని నీడ. పడవ లేచి నిలబడింది. కాలీఫ్లవర్లు కూడా మబ్బుల్లా కనిపించడం మొదలుపెట్టాయి. ఆయన పక్క టేబుల్‌కి వెళ్లిపోయారు. నేను బొమ్మ ఆరీ ఆరకముందే కింద నా సంతకం చేశాను.

ఆ ఏడాది ఎగ్జిబిషన్‌కి అదే ఇచ్చాను. నాకున్న మంచి బొమ్మ అదొక్కటే మరి. గోడలకు తగిలించాక చూస్తే అలాంటి పడవలు ఏడున్నాయి! నిర్వాహకులు పాపం ఒకదాని పక్కన ఒకటి రాకుండా వేరువేరు గోడలకు సర్దారు గానీ, చూడ్డానికి వచ్చిన ఒక చిన్నపిల్లాడికి అదే ఆట అయిపోయింది. "అమ్మా, ఇంకో పడవ! ఇక్కడ ఇంకోటి!" అని లెక్కపెడుతూ హాలంతా పరిగెత్తాడు. నాది ఐదోది. వాడు నా ముందు నిలబడి "ఐదు" అని అరిచి వెళ్లిపోయాడు. ఇంతలో ఒక పెద్దావిడ వచ్చి కళ్లజోడు సర్దుకుని, బొమ్మకు దగ్గరగా వంగి, "ఆ కొయ్య నీడ ఎంత బాగా తెచ్చావమ్మా" అంది. థాంక్సండీ అన్నాను. ఆ నీడ నాది కాదని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత తెలిసింది, చాలా చిత్రకారుల సొసైటీల ఎగ్జిబిషన్ ఎంట్రీ నిబంధనల్లో క్లాసులోనో, గురువు పర్యవేక్షణలోనో వేసిన బొమ్మలు పంపకూడదని స్పష్టంగా ఉంటుంది. మా బృందంలో ఆ నిబంధన పెడదామని నేనే అన్నాను. పెడితే సగం గోడలు ఖాళీగా ఉంటాయని ఒకరన్నారు, అందరూ నవ్వారు, విషయం అంతటితో పోయింది. నా మట్టుకు ఖాళీ గోడలే నయం. 1804లో లండన్‌లో కొందరు చిత్రకారులు నీటిరంగులకంటూ విడిగా ఒక సొసైటీ పెట్టుకుని, మరుసటి ఏడాదే సొంత ఎగ్జిబిషన్ చేసింది ఎందుకనుకున్నారు? అక్కడి రాయల్ అకాడమీ ఎగ్జిబిషన్ గోడల మీద తైలవర్ణ చిత్రాల మధ్య తమ బొమ్మలు ఎవరి కంటికీ ఆనడం లేదని. గోడ కోసం అంత తంటాలు పడిన వాళ్ల వారసులం, మనమేమో అదే గోడకు ఏడు పడవలు కట్టేస్తున్నాం.

ఎగ్జిబిషన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో గొడవ. మా హాల్లో ఒకవైపంతా కిటికీలు, ఎండ నేరుగా బొమ్మల మీద పడుతుంది, అది చాలదన్నట్టు పైనుంచి ఫోకస్ లైట్లు. మ్యూజియంలలో నీటిరంగుల బొమ్మలకు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటనివ్వకూడదంటారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మ వియన్నాలోని ఆల్బెర్టినా మ్యూజియంలో ఉంది, దాన్ని ఎప్పుడో గానీ బయటికి తీయరు. మనవాళ్లేమో ఓపెరా పింక్ అనే మెరిసే గులాబీ రంగుతో పూలు వేసి కిటికీ ఎదురుగా తగిలిస్తారు. ఆ రంగు అంతలా మెరిసేది అందులో కలిపిన ఫ్లోరోసెంట్ డై వల్ల, ఎండ తగిలితే ముందు పోయేదీ అదే. ఈ భయం కొత్తదేమీ కాదు, 1888లోనే రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు నీటిరంగులను వెలుతురులో పెట్టి పరీక్షించి, ఏవి వెలిసిపోతాయో బ్రిటన్‌లో పెద్ద నివేదికే ఇచ్చారు. రంగు ట్యూబ్ మీద పిగ్మెంట్ నంబర్, అంటే లోపల ఏ రంగు పదార్థం ఉందో చెప్పే గుర్తు, చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవడం ఏ వర్క్‌షాప్‌లోనూ నేర్పరు. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్ నీలం, నిశ్చింతగా వాడుకోవచ్చు. పీఆర్ 83 అంటే అసలైన అలిజరిన్ క్రిమ్సన్ ఎరుపు, వెలిసిపోతుంది. నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టదు, కానీ దీన్ని వీడియో తీస్తే లైకులు రావు.

మళ్లీ మీ ప్రశ్నకు వస్తాను. నాకు వేయడం వచ్చింది రెండో వర్క్‌షాప్‌లో, అదీ ఆలస్యంగా వెళ్లడం వల్ల. మంచి సీట్లన్నీ అయిపోయాయి. ఒక పక్కన, మాస్టారి ఎడమవైపు, స్తంభం వెనక కుర్చీ దొరికింది. అక్కణ్నుంచి బొమ్మ కనిపించదు. ఆయన ఎడమచెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఆ చేతిలో ఒక పాత గుడ్డ, మడతలు పెట్టి, అన్ని రంగులూ అంటుకుని ఉంది. వేరే దిక్కులేక దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన బ్రష్ నీళ్లలో ముంచిన ప్రతిసారీ ఆ గుడ్డకు తాకిస్తున్నారు. ఒకసారి ఊరికే ఆనించి తీసేశారు. ఒకసారి మొదలు దగ్గర గట్టిగా నొక్కారు. ఒకసారి అటూ ఇటూ పొర్లించారు. రంగు కలిపాక కూడా మళ్లీ గుడ్డ. కాగితం ఆరుతున్నకొద్దీ గుడ్డ మీద బ్రష్ ఉండే సేపు పెరుగుతోంది! కాగితం ఎంత తడిగా ఉందో, బ్రష్‌లో నీళ్లు దానికంటే తక్కువ ఉండేలా చూసుకుంటున్నారన్నమాట. నా ఆకాశం పగిలింది, ఆయన చెట్ల వరస ఆగింది ఇక్కడే. ఇంటికెళ్లి పడవా వద్దు, చెట్టూ వద్దు, బర్న్ట్ సియెన్నా అనే గోధుమ రంగు, అల్ట్రామెరైన్ కలిపి ఒట్టి పట్టీలు వేస్తూ కూర్చున్నాను. తడి కాగితం, మెరుపు తగ్గిన కాగితం, మెరుపు పోయినా చల్లగా తగిలే కాగితం, ఒక్కోదాని మీద ఒక్కో పట్టీ. నెలరోజులు అదే పని. మా ఇంట్లోవాళ్లు ఇదేం బొమ్మ అని అడగడం మానేశారు.

కాబట్టి వెళ్లండి. రెండు రోజులకు బొమ్మ రాదు, వచ్చినట్టు అనిపిస్తుంది, అదే ప్రమాదం. మాస్టారు ఏ కాగితం వాడతారో ముందే కనుక్కుని, కనీసం రెండు ముక్కలైనా అదే తీసుకెళ్లండి. వీలైతే ఎడమవైపు కూర్చోండి, మాస్టారిది ఎడమచేతివాటం అయితే కుడివైపు. ఎప్పుడు వేస్తున్నారని కాకుండా ఎందుకు ఆగారని అడగండి. రెండోరోజు మధ్యాహ్నం ఆయన మీ టేబుల్ దగ్గరకు వచ్చి, ప్రేమగానే, బ్రష్ ఇటివ్వమంటే ఇవ్వండి. దాంతోపాటు పక్కన ఒక విడి కాగితం ముక్క తడిపి పెట్టి, దాని మీద వేసి చూపించమనండి.