డైనో షీట్లో 3 హార్స్‌పవర్ పెరిగింది, రోడ్డు మీద మాత్రం పికప్ తగ్గింది: ఏది నమ్మాలి?

మీరు రాసిన వివరాల ప్రకారం, కావలిలో మీరు నడుపుతున్న పాత మోడల్ కేటీఎం ఆర్‌సీ 390కి జనవరిలో చెన్నై డైనో (చక్రాన్ని డ్రమ్ము మీద తిప్పి శక్తిని కొలిచే యంత్రం) మీద 37.6 హార్స్‌పవర్ వచ్చింది. ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, పిగ్గీబ్యాక్ ఫ్యూయల్ కంట్రోలర్ (బండి కంప్యూటర్‌కు తోడుగా ఉండి ఇంధనాన్ని మార్చే పెట్టె) బిగించి మే నెలలో బెంగళూరులో ట్యూన్ చేయిస్తే 40.9 వచ్చింది. అయినా హైవే మీద లారీని దాటాలంటే మునుపటిలా టాప్ గేరులో లాగడం లేదని అంటున్నారు. నేను ఒంగోలులో ఇదే బండిని దాదాపు ఇవే మార్పులతో వాడుతున్నాను. నా అభిప్రాయంలో మీ చేతికి తెలిసినదే సరైనది, ఆ సంగతి మీ రెండో షీట్లోనే ఉంది.

ముందుగా, కంపెనీ చెప్పే 43.5 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) ఇంజన్ క్రాంక్ దగ్గరిది, డైనో కొలిచేది వెనక చక్రం దగ్గరిది. గేర్‌బాక్స్, చైన్, టైరు కలిసి 10 నుంచి 15 శాతం వరకు తినేస్తాయి కాబట్టి మొదటి 37.6 చూసి బండిలో లోపముందని అనుకోనక్కర్లేదు.

అసలు చిక్కు షీటు మూలన చిన్న అక్షరాల్లో ఉండే కరెక్షన్ (గాలి వేడి, పీడనాలను బట్టి కొలతను గుణించే అంకె) దగ్గర ఉంది. మీ చెన్నై షీటు మీద ఎస్ఏఈ 1.01 అని, బెంగళూరు షీటు మీద ఎస్‌టీడీ 1.13 అని ఉంది. ఎస్ఏఈ పద్ధతి 25 డిగ్రీల పొడిగాలిని, 99 కిలోపాస్కల్ పీడనాన్ని ప్రమాణంగా తీసుకుంటే, ఎస్‌టీడీ అంతకంటే చల్లగా, చిక్కగా ఉండే గాలిని, అంటే సుమారు 15.5 డిగ్రీలను, 101.3 కిలోపాస్కల్‌ను తీసుకుంటుంది. అందువల్ల ఒకే పుల్‌ను (థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఒకసారి తీసిన కొలతను) ఎస్‌టీడీలో ముద్రిస్తే అంకె దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. మీ 40.9ని ఎస్ఏఈలోకి మారిస్తే 39.3 దగ్గర ఆగుతుంది, పెరిగిందనుకున్న 3.3లో సగం అక్కడే కరిగిపోతుంది. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది, అక్కడి పలుచని గాలిలో డ్రమ్ము నిజంగా కొలిచింది 36.2 మాత్రమే, మిగిలినది గుణకారం. ఆ గుణకారం మోసమేమీ కాదు, కానీ గుణించే అంకె 1కి ఎంత దూరం జరిగితే ఫలితాన్ని అంత జాగ్రత్తగా చూడాలి. వానాకాలంలో ఒంగోలు కాటా మీద తూచిన పొగాకు బేలును ఎండాకాలంలో ఇంకో ఊరి కాటా మీద తూచి, బరువు మారిందని ఎవరూ తగువుకు పోరు కదా.

ఒకే డైనో మీద, ఒకే రోజున తీసినా, టైరులో గాలి, చైన్ బిగువు, బండిని కట్టిన పట్టీల బిగువు, పుల్ తీసిన గేరు, ఇంజన్ వేడి వీటిలో ఏది మారినా ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. మీ బండి విషయంలో అది ముప్పావు హార్స్‌పవర్. రోహిణి కార్తెలో అయితే మరీ కష్టం: వరుసగా పుల్స్ తీస్తుంటే లోపలికి వెళ్లే గాలి వేడెక్కి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగి, ఆఖరి పుల్ మొదటిదానికంటే తక్కువ వస్తుంది. నా బండికి ట్యూనింగ్ చేయించినప్పుడు ప్రతి పుల్‌కు ముందు కూలెంట్ ఒకే ఉష్ణోగ్రతకు దిగేదాకా ఆగమని అడిగాను. ట్యూనర్ విసుక్కున్నాడు గానీ, ఆ తర్వాత వచ్చిన గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఇక మీరు చూడాల్సింది గరిష్ఠ అంకెను కాదు, టార్క్ (తిప్పే బలం) గీతను. పాత షీట్లో 5000 ఆర్‌పీఎం దగ్గర 28 న్యూటన్ మీటర్లు ఉంటే కొత్తదాంట్లో 25 ఉంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది, అంటే అక్కడ 19.7 ఉన్నది 17.6కి పడిపోయింది. అదీ 1.13తో గుణించిన తర్వాత! ఆరో గేరులో 80, 90 వేగంతో పోతూ లారీని దాటేందుకు థ్రాటిల్ తిప్పినప్పుడు ఇంజన్ ఉండేది సరిగ్గా ఈ పల్లంలోనే. 9000 దగ్గర పెరిగిన శక్తి ట్రాక్ మీద పనికొస్తుంది, కావలి నుంచి నెల్లూరుకు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద దానితో పనిపడేది తక్కువ.

ఆ పల్లానికి కారణం ఇంధనమా, సైలెన్సరా అన్నది కింది గీత, అంటే గాలి ఇంధన నిష్పత్తి, చెబుతుంది. మీది 9000 దగ్గర 12.9 ఉంది, అది బాగుంది. 5000 దగ్గర 14.6కు ఎక్కింది, పూర్తి థ్రాటిల్‌లో అది పొడి మిశ్రమం (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ), పవర్ కోసం 13కు అటూ ఇటూ ఉండాలి. ఇక్కడో చిన్న మాట: సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డాను, అంటే అసలు నిష్పత్తి ఇంధనం పూర్తిగా మండే సమతుల్య నిష్పత్తికి ఎన్ని రెట్లు ఉందో. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సమతుల్య నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. అందుకని ట్యూనర్‌ను లాంబ్డాలోనే ముద్రించమనండి, పూర్తి థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.90 మధ్య ఉంటే చాలు.

కేవలం బరువైన డ్రమ్ము ఉన్న డైనో మీద పూర్తి థ్రాటిల్ పుల్స్ తప్ప ఇంకేమీ సరిగా చూడలేరు. మీరు రోజూ వాడే పావు, సగం థ్రాటిల్ దగ్గర మ్యాప్ (ఎప్పుడు ఎంత ఇంధనం పోయాలో చెప్పే పట్టిక) సరిచేయాలంటే బ్రేకు వేసి ఆర్‌పీఎంను ఒకచోట నిలిపే లోడ్ డైనో కావాలి. నా బండికి 5000 దగ్గర మిశ్రమం సరిచేశాక పోయిన టార్క్‌లో ఎక్కువ భాగం తిరిగి వచ్చింది, కొంత రాలేదు. ఆ మిగిలిన కొంత సైలెన్సర్ పైపు వెడల్పు, పొడవుల పని, ఎంత పెట్రోలు పోసినా అది తీరదు.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు పాత సైలెన్సర్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పైపు రోడ్డు మీద చట్టవిరుద్ధం, పోలీసులు ఆపితే జరిమానా పడవచ్చు కాబట్టి ఎలాగూ పాతది దగ్గరుండాలి. అదే రోజు, అదే గేరులో, ఎస్ఏఈ కరెక్షన్‌తో, స్మూతింగ్ (గీతను నునుపు చేసే సెట్టింగు) తక్కువగా పెట్టి రెండు సైలెన్సర్లతోనూ మూడేసి పుల్స్ తీయించండి. 4000 నుంచి 7000 వరకు ఏ గీత పైన ఉంటే దాన్నే బండికి ఉంచుకోండి.