టేకాఫ్ లెక్కల మీద ఇంత ఇష్టం ఉంటే ఏటీసీకి పంపండి

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ ఎంపీసీ రెండో ఏడాది. టేకాఫ్ అయిన విమానం దారి తప్పడం, చెప్పిన ఎత్తు దాటిపోవడం ఎందుకు జరుగుతాయో ఎప్పుడూ చదువుతుంటాడు. పైలట్ కోర్సుకు అంత డబ్బు పెట్టలేం. వేరే దారి ఉందా? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఉందండీ. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ (ఏటీసీ), అంటే నేల మీద నుంచి విమానాలకు దారి, ఎత్తు చెప్పే ఉద్యోగి. ఆ పొరపాట్లను క్షణాల్లో పట్టుకోవడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం.

దారి విషయంలో ఇప్పుడు బెంగ తగ్గింది. ఆర్‌నావ్-1 అనే నావిగేషన్ ప్రమాణం వాడే రూట్‌లో 95 శాతం సమయం విమానం నిర్ణయించిన దారి గీతకు ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు) లోపలే ఉండాలి. శాటిలైట్ల వల్ల అది కష్టం కాదు. ఎత్తు మాత్రం ఇప్పటికీ గాలి పీడనాన్ని బట్టే కొలుస్తారు. ఎయిర్‌పోర్టులో పీడనం 1003 హెక్టోపాస్కల్ ఉందని టవర్ చెబితే, పైలట్ పొరపాటున ఎత్తు చూపే మీటర్‌లో 1013 పెట్టాడనుకోండి. ఒక్కో హెక్టోపాస్కల్‌కు 27 నుంచి 30 అడుగుల తేడా వస్తుంది. అంటే మీటర్ చూపించే ఎత్తు కంటే విమానం దాదాపు 300 అడుగులు కిందే ఉంటుంది. కాక్‌పిట్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కానీ విమానం రాడార్‌కు పంపే ఎత్తు పైలట్ పెట్టిన అంకె మీద ఆధారపడదు, ఎప్పుడూ ప్రామాణిక పీడనమైన 1013.25 లెక్కలోనే వస్తుంది. దాన్ని అప్పటి పీడనానికి సరిచేసి చూపిస్తారు కాబట్టి కంట్రోలర్ స్క్రీన్‌ మీద తేడా బయటపడుతుంది.

అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న టెటర్‌బరో ఎయిర్‌పోర్టు సంగతి మీవాడు చదివే ఉంటాడు. అక్కడ ఒక డిపార్చర్‌లో (టేకాఫ్ తర్వాత వెళ్లాల్సిన నిర్ణీత దారిలో) 1,500 అడుగుల దగ్గర ఆగి, చెప్పిన పాయింట్ దాటాకే 2,000కు ఎక్కాలి. ఎందుకంటే దగ్గర్లోని నెవార్క్ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు ఆ పైనుంచే వెళ్తాయి. అయినా ఎందరో పైలట్లు తిన్నగా 2,000కు ఎక్కేశారు. మెషీన్ బాగానే ఉంది, చూపు జారింది. అందుకే కంట్రోలర్ ఎత్తు చెప్పగానే పైలట్ దాన్ని తిరిగి చెప్పాలి. ఆ రీడ్‌బ్యాక్‌లో ఒక్క అంకె మారినా చెవి పట్టేయాలి. ఫిజిక్స్ ఎంత వచ్చినా ఈ చెవి లేకపోతే ఈ పనికి పనికిరారని నా గట్టి అభిప్రాయం.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఈ ఉద్యోగానికి ఇచ్చే జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఏటీసీ) పోస్టులకు ఫిజిక్స్, మ్యాథ్స్‌తో రెగ్యులర్ బీఎస్సీ చాలు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. నోటిఫికేషన్ ఏటా వస్తుందన్న భరోసా లేదు, పోటీ కూడా తీవ్రం. అందుకని డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ లాంటిది ఒకటి చేతిలో పెట్టుకుని రాయించండి. సెలెక్టయితే ట్రైనింగ్ అథారిటీయే ఇస్తుంది, ప్రయాగ్‌రాజ్‌లో పెద్ద కాలేజీ ఉంది. నైట్ షిఫ్టులు, దూర ప్రాంతాల పోస్టింగులు తప్పవు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇప్పటి నుంచే రోజూ ఇంగ్లిష్‌లో మాట్లాడించండి, పరీక్షలోనూ ఉద్యోగంలోనూ అదే కీలకం. ఈ నెలలోనే కంటి డాక్టర్ దగ్గర రంగుల టెస్ట్ కూడా చేయించండి. మెడికల్‌లో రంగులు గుర్తించే చూపును పరీక్షిస్తారు. అక్కడ తేడా ఉంటే ఏళ్ల తరబడి చదివాక కాదు, ఇప్పుడే తెలియాలి.