పీ-వాల్యూ 0.05 లోపు వస్తే, ఫలితం తప్పయ్యే అవకాశం 5 శాతమేనా?

కాదండీ. పీ-వాల్యూ లెక్క మొదలయ్యేదే "అసలు తేడా ఏమీ లేదు" అనుకుని. నిజంగా తేడా లేకపోతే, మనకు కనిపించినంత లేదా అంతకంటే పెద్ద తేడా ఊరికే కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పేదే పీ-వాల్యూ. అలా అనుకుని వేసిన లెక్క, ఆ అనుకున్నది ఎంతవరకు నిజమో ఎలా చెప్తుంది?

నేను డేటా టీంలో పని చేస్తాను. ఒకసారి యాప్‌లో కొత్త పేజీ మీద టెస్ట్ పెట్టారు. మొత్తం మీద తేడా రాలేదు. ఊరుకుంటారా? వయసు వారీగా, ఫోన్ మోడల్ వారీగా, వారాల వారీగా కోసి కోసి చూశారు. చివరికి పాత ఫోన్లు వాడే కొత్త యూజర్లలో 0.03 తగిలింది. స్లైడ్ మీద ఆ ఒక్క గడికి ఆకుపచ్చ రంగు! మిగతా గడులు స్లైడ్‌లోనే లేవు. "మొత్తం ఎన్ని చూశారు?" అని అడిగితే, "ఓ 20 ఉంటాయేమో" అన్నాడు చేసినబ్బాయి. లేచి బోర్డు మీద 0.95ను 20 సార్లు హెచ్చవేసి చూపించాను. తేడా లేనప్పుడు ఒక్కో టెస్ట్ 0.05 పైనే ఉండే అవకాశం 0.95 కదా, 20 టెస్టులూ అలాగే ఉండే అవకాశం సుమారు 0.36 వస్తుంది. అంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని టెస్టులైతే, ఎక్కడా ఏ తేడా లేకపోయినా కనీసం ఒక్కటైనా 0.05 లోపు పడే అవకాశం 64 శాతం. మా మేనేజర్ కాసేపు చూసి, "అయితే ఇంకా 36 శాతం మనమే కరెక్టు కదా" అన్నారు. పేజీ రిలీజైపోయింది.

ఇక మీ 5 శాతం సంగతి. 1000 ఐడియాలు పరీక్షించారు, నిజంగా పనిచేసేవి 100 అనుకోండి. శాంపిల్ చిన్నదైతే పవర్, అంటే నిజంగా ఉన్న తేడాను టెస్ట్ పట్టుకునే అవకాశం, 50 శాతమే ఉండొచ్చు, అప్పుడు దొరికేవి 50. పనిచేయని 900లో 5 శాతం, అంటే 45 కూడా పాసైపోతాయి. "గెలిచిన" 95లో 45 ఉత్తవే, దాదాపు సగం! పవర్ గురించి మాత్రం ఏ మీటింగ్‌లోనూ ఎవరూ అడగరు.

ఈ 0.05 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. లెక్కకు అనుకూలంగా ఉందని గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925లో తన పుస్తకంలో వాడాడు. ఎన్నిసార్లు పొరబడొచ్చో ముందే హద్దు పెట్టుకునే ఎర్రర్ రేట్ల పద్ధతి మరో ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు నేమన్, పియర్సన్‌లది. ఫిషర్‌కూ నేమన్‌కూ అస్సలు పడేది కాదు. మన పాఠ్యపుస్తకాలేమో రెండింటినీ కలిపి ఒకే చాప్టర్‌లో కుక్కేశాయి, పిల్లలు అయోమయంలో పడక ఏం చేస్తారు? పీ-వాల్యూ అంటే పరికల్పన (మనం పరీక్షిస్తున్న ఊహ) నిజమయ్యే అవకాశం కాదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో తేల్చి చెప్పింది. అయినా సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ 0.05 లోపు వచ్చిన అంకెల పక్కన స్టార్లు అతికిస్తూనే ఉన్నాయి. నాకు చేతనైతే ముందు ఆ స్టార్లు పీకేస్తాను.