టెక్ సందేహాలు: ఇంటి నుంచి పని కొత్తా? కొనేముందు ఇవి చూసుకోండి

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం మొదటిసారి ఇంటి నుంచి పని మొదలుపెట్టినవాళ్లవే. అడిగిన విషయాలు వేరైనా చాలామంది చివర్లో ఒకే మాట రాశారు: ఏం కొనమంటారు? ఆఫీసులో నెట్‌వర్క్ కేబుల్ లాగడం, కరెంటు పోతే బ్యాకప్, అప్‌డేట్లు, టేబుల్ ఎత్తు, ఇవన్నీ ఎవరో ఒకరు చూసుకునేవారు. అలా చూసుకుంటున్నారని కూడా మనకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆ పనులన్నీ ఒక్కసారిగా మీ మీద పడ్డాయి. మొదట్లో అంత చిరాగ్గా ఉండటానికి అసలు కారణం అదే. లోపం ఎక్కడుందో పట్టుకోకుండా కొత్త వస్తువు తెచ్చుకుంటే ఆ చిరాకు తగ్గదు. ముందు పరీక్షించండి, తర్వాతే కొనండి.

ప్రశ్న: ఆఫీసులో బాగా పనిచేసిన ల్యాప్‌టాప్ ఇంట్లో వీడియో మీటింగ్ మొదలవగానే మొరాయిస్తోంది. వాళ్లు మాట్లాడేది నాకు వినపడుతోంది కానీ నా మాట వాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. స్పీడ్ టెస్ట్ చేస్తే 100 ఎంబీపీఎస్ వస్తోంది. ల్యాప్‌టాప్ మార్చాలా?

మార్చకండి. మీరు రాసినదాంట్లోనే సగం సమాధానం ఉంది. వాళ్ల మాట మీకు సరిగ్గా వస్తోంది, మీ మాటే తెగిపోతోంది. అంటే మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలోనే ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ. స్పీడ్ టెస్ట్‌లో కొట్టొచ్చినట్టు కనపడే 100 డౌన్‌లోడ్ లెక్క. మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే వేగం, అంటే అప్‌లోడ్ అంకె చూశారా? గ్రూప్ కాల్‌లో 720పి వీడియో పంపడానికి జూమ్‌కి కావలసింది సుమారు 2.6 ఎంబీపీఎస్. మాట ఒక్కటే అయితే 0.1 కూడా అక్కర్లేదు. అప్‌లోడ్ 5 దాటి ఉంటే ఇంకా పెద్ద ప్లాన్‌కి మారినా మీ మీటింగ్ బాగుపడదు.

మీటింగ్‌కి కావలసింది వేగం కన్నా నిలకడ. నెట్‌లో డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఒక ప్యాకెట్ 20 మిల్లీసెకన్లలో, తర్వాతది 400 మిల్లీసెకన్లలో చేరినా సినిమా చూసేటప్పుడు తెలియదు, ఎందుకంటే ప్లేయర్ కొంత ముందే తెచ్చి పెట్టుకుంటుంది. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. ఆలస్యంగా వచ్చిన మాటను యాప్ వదిలేస్తుంది. మీ మాట వాళ్లకు ముక్కలుగా వినపడేది అందుకే.

ఆ నిలకడ ఎక్కడ పోతోందో మీరే కనిపెట్టవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఎంటర్ నొక్కండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట 192.168.1.1 లాంటి చిరునామా కనపడుతుంది. అదే మీ రౌటర్. ఇప్పుడు పింగ్ (ping) అని, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, దానికి ఆనించి టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. సెకనుకో వరస చొప్పున వస్తూ ఉంటుంది. అందులో మిల్లీసెకన్లలో ఉండేది, చిన్న సందేశం రౌటర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయం. ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కాలి. ముందు రౌటర్ పక్కన కూర్చుని కాసేపు చూడండి, తర్వాత మీరు పనిచేసే చోట చూడండి. రౌటర్ పక్కన 2, 3 మిల్లీసెకన్లు వచ్చి, మీ టేబుల్ దగ్గర 150, 300 అని ఎగిరెగిరి పడుతున్నా, మధ్యమధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ (జవాబు రాలేదు) అని వస్తున్నా తప్పు మీ ఇంట్లోని వైఫైదే. రెండు చోట్లా రౌటర్ వరకు నిలకడగా ఉండి, బయటి చిరునామాకి, ఉదాహరణకి 8.8.8.8 కి, పింగ్ చేసినప్పుడు మాత్రమే ఎగుడుదిగుడుగా ఉంటే అనుమానించాల్సింది బయటి లైన్‌ని. ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకుని కంప్లయింట్ ఇవ్వండి. ఊరికే నెట్ స్లోగా ఉందని చెప్పినప్పుడు రాని కదలిక ఆ ఫొటో చూపిస్తే వస్తుంది.

తప్పు వైఫైదే అయితే చేయాల్సినవి ఉన్నాయి. రౌటర్‌ని టీవీ వెనక, బీరువా లోపల పెట్టకండి. బయటికి తీసి కాస్త ఎత్తులో ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడే తరంగాల శ్రేణుల్లో ఒకటి) దూరం వెళ్తుంది కానీ పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ బ్యాండ్‌లోనే ఉంటాయి. ఓవెన్ ఆన్ చేసినప్పుడే కాల్ తెగుతోందంటే కారణం వెతకనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా, ప్రశాంతంగా ఉంటుంది, గోడలను మాత్రం అంతగా దాటలేదు. రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో కూర్చుంటే 5కి మారండి.

వీటన్నిటికంటే నమ్మకమైనది కేబుల్. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ వేసుకుంటే 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ వేగం తట్టుకుంటుంది. ల్యాప్‌టాప్‌కి ఆ పోర్ట్ లేకపోతే చిన్న యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. మీరు ఏదైనా కొనాల్సిందే అనుకుంటే మొదట ఇదే కొనమంటాను. తెల్లవారి నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో ఉండేవాళ్లు వైఫై మీద ఆధారపడటం నాకు నచ్చదు.

కేబుల్ వేసినా తెగుతోందా? మీటింగ్ సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలను క్లౌడ్‌లోకి పంపుతోందేమో చూడండి. పెద్ద అప్‌లోడ్ నడుస్తుంటే రౌటర్ దగ్గర క్యూ పెరిగిపోయి, ఇరుకు సందులో లారీ వెనక చిక్కుకున్న సైకిల్‌లా మీ మాట ఆగిపోతుంది. బ్యాకప్‌లను రాత్రికి మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

ప్రశ్న: నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో పాటలు అద్భుతంగా ఉంటాయి. మీటింగ్‌లో చేరగానే అందరి గొంతులూ ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతాయి. పాడయ్యాయా?

పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో పాటలకు ఒక పద్ధతి, మాటలకు ఇంకో పద్ధతి ఉంటాయి. మైక్ ఆన్ కాగానే ఇయర్‌ఫోన్స్ మాటల పద్ధతికి మారతాయి. రెండు వైపులా శబ్దం పంపాలి కాబట్టి నాణ్యత పడిపోతుంది. మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మైక్రోఫోన్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని, స్పీకర్‌గా ఇయర్‌ఫోన్స్‌ని పెట్టుకోండి. వినపడటం వెంటనే బాగుపడుతుంది. కానీ ఇంట్లో చప్పుడు ఎక్కువగా ఉంటే ల్యాప్‌టాప్ మైక్ దాన్ని కూడా పట్టేస్తుంది. అప్పుడు నోటి దగ్గరికి మైక్ వచ్చే యూఎస్‌బీ హెడ్‌సెట్ మేలు. దానికి ఛార్జింగ్ గొడవ కూడా లేదు.

ప్రశ్న: రోజంతా ఛార్జర్ పెట్టే ఉంచుతున్నాను. బ్యాటరీ ఉబ్బుతుందని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు.

100 శాతం నిండాక ల్యాప్‌టాప్ తనంతట తనే ఛార్జింగ్ ఆపేస్తుంది. అయితే లిథియం అయాన్ బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండి, దానికి తోడు వేడిగా ఉంటే త్వరగా ముసలిదైపోతుంది. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి పనిచేయకండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనపడినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా వాడటం వెంటనే ఆపి ఆఫీసు ఐటీ వాళ్లకు చెప్పండి.

ప్రశ్న: కరెంటు పోయినా ల్యాప్‌టాప్ నడుస్తుంది, నెట్ మాత్రం పోతోంది. పెద్ద యూపీఎస్ అవసరమా?

రౌటర్ కోసమే అయితే అవసరం లేదు. దాని అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్, ఆంపియర్లు చూసి సరిపడే మినీ యూపీఎస్ తీసుకోండి. చాలా రౌటర్లు 12 వోల్టులవే, కానీ మీది చూశాకే కొనండి. ఫైబర్ కనెక్షన్ పెట్టె రౌటర్‌తో కలిసి లేకుండా విడిగా ఉంటే దానికీ కరెంటు కావాలి. ఇది చాలామంది మర్చిపోతారు. లైనే పోయిన రోజుకి ఫోన్ ఉంది. హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ చేస్తే, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇస్తే, నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నా బ్యాంకు పనులు, పిల్లల హోంవర్కు చేసుకోవచ్చా? ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటున్నారు. నా ఫొటోలు, వాట్సాప్ వాళ్లకు కనపడతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

మీ టెన్షన్ న్యాయమైనదే. ల్యాప్‌టాప్ సంగతి ముందు చెప్తాను. అది కంపెనీది. అందులో ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ సైట్లు తెరిచారు అన్నది కంపెనీ చూడగలదనే అనుకుని వాడండి. బ్యాంకు, ఆరోగ్యం, కుటుంబం విషయాలు మీ సొంత పరికరంలోనే ఉంచండి. చాలామందికి తట్టని విషయం ఒకటి ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో మీ సొంత ఖాతాతో సింక్ ఆన్ చేస్తే మీ పాస్‌వర్డ్‌లు, హిస్టరీ అన్నీ అందులోకి దిగిపోతాయి. ఇప్పటికే చేసి ఉంటే ఆ ఖాతా తీసేయండి. పిల్లలకు మాత్రం అస్సలు ఇవ్వకండి. వాళ్లు తెలియక డౌన్‌లోడ్ చేసే ఒక్క ఫైల్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఫోన్ విషయంలో పరిస్థితి కొంచెం మెరుగు. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి వర్క్ ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో వేరుగా ఉంటాయి. కంపెనీ అధికారం ఆ భాగం వరకే, మీ ఫొటోలు, వాట్సాప్ దానికి కనపడవు. ఉద్యోగం మారితే వాళ్లు చెరిపేది కూడా ఆ భాగాన్నే. ఐఫోన్‌లోనూ సొంత ఫోన్ల కోసం ఇలాంటి ఏర్పాటు ఉంది. కానీ కొన్ని కంపెనీలు మొత్తం ఫోన్ మీదే అధికారం అడుగుతాయి. అనుమతి అడిగే స్క్రీన్ మీద మొత్తం డేటాను చెరిపే హక్కు గురించి ఉంటే ఒప్పుకోకముందే ఐటీ వాళ్లను అడగండి. వర్క్ ప్రొఫైల్ ఇస్తారా అని అడగడంలో తప్పేమీ లేదు.

ఇంకో హెచ్చరిక. ఇంటి నుంచి కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లకు ఐటీ విభాగం పేరుతో దొంగ ఫోన్లు వస్తాయి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే భద్రమైన దారి) సరిచేస్తాం, ఈ యాప్ పెట్టుకోండి, ఓటీపీ చెప్పండి అంటారు. ఆఫీసులో అయితే పక్క సీటువాళ్లను అడిగేవారు, ఇంట్లో ఒంటరిగా నిర్ణయం తీసుకోవాలి. అందుకే ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న అసలు ఐటీ నంబరుకి మీరే చేయండి. మీరు లాగిన్ కాకుండానే ఫోన్‌లో అప్రూవ్ చేయమని నోటిఫికేషన్ వస్తే తిరస్కరించి, ఆ సంగతి వెంటనే ఐటీ వాళ్లకు చెప్పండి, ఎందుకంటే మీ పాస్‌వర్డ్ ఎవరికో దొరికి ఉండవచ్చు. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా మార్చకపోతే ఈ రోజే మార్చండి.

ప్రశ్న: మెడ పట్టేస్తోంది, సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి.

ల్యాప్‌టాప్‌లో కీబోర్డు చేతికి సరిపోయే ఎత్తులో ఉంటే స్క్రీన్ కిందికి ఉంటుంది, స్క్రీన్ ఎత్తితే చేతులు పైకి లేస్తాయి. రెండూ విడదీయక తప్పదు. కింద పుస్తకాలు పేర్చి, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకి వచ్చేలా, చెయ్యి చాచితే అందేంత దూరంలో పెట్టండి. విడిగా మామూలు కీబోర్డు, మౌస్ వాడండి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పే సూత్రం కూడా పాటించండి. కిటికీ మీ వెనక ఉంటే కాల్‌లో ముఖం నల్లగా కనపడుతుంది. కిటికీ పక్కకు వచ్చేలా టేబుల్ తిప్పుకోండి, స్క్రీన్ మీద మెరుపూ తగ్గుతుంది. ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: టీ కోసం లేచినా ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో నా పేరు పక్కన పసుపు చుక్క (సీట్లో లేనట్టు గుర్తు) వచ్చేస్తోంది. పని చేయట్లేదనుకుంటారని భయం. మౌస్ దానంతటదే కదిలే పరికరం ఉందట, కొనమంటారా? రాత్రి 10 దాటినా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

ఆ పరికరం కొనకండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌కి తగిలించిన యూఎస్‌బీ పరికరాల వివరాలు ఐటీ వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. కష్టపడి పనిచేస్తున్న మీరు దాని వల్ల మోసగాడిలా కనపడతారు. టీమ్స్‌లో 5 నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకపోతే ఆ చుక్క మారుతుంది. కాగితం మీద లెక్క వేసుకుంటున్నా, ఫోన్‌లో క్లయింట్‌తో మాట్లాడుతున్నా మారుతుంది. అది మీ పనికి కొలత కాదు. భోజనానికి వెళ్లేటప్పుడు ఎప్పటికి తిరిగొస్తారో స్టేటస్ మెసేజ్‌లో రాయండి. రోజు చివర ఏం పూర్తయిందో రెండు వాక్యాల్లో మేనేజర్‌కి పంపండి. నా మాట నమ్మండి, చుక్క రంగు గురించిన అనుమానం ఆ రెండు వాక్యాలతోనే పోతుంది.

రాత్రి మెసేజ్‌లకు టీమ్స్ మొబైల్ యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో నిశ్శబ్ద వేళలు పెట్టుకునే వీలుంది. వర్క్ ప్రొఫైల్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు యాప్‌లన్నిటినీ ఒకేసారి పాజ్ చేయవచ్చు. ముందు క్యాలెండర్‌లో మీ పని వేళలు నమోదు చేసి, నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయమని టీమ్‌కి చెప్పండి. రాత్రి పూట మీకే ఏదైనా తోచిందా? మెయిల్ రాసి షెడ్యూల్ సెండ్‌లో ఉదయం 9కి పెట్టండి.